తూటాకు లెక్క

గడచిన శీతకాలమున మేము ఎనిమిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని గోలకొండ కోటను చూడబోయితిమి. నానక్‌రామ్‌గూడనుండి ఆ కోట అయిదారు మైళ్ళకు మించిన దూరము లేదు. అయినను మా విద్యార్థులలో పెక్కుమంది దానిని అంతవరకు చూచియుండలేదు. అచ్చట బురుజుమీద నొక పెద్ద ఫిరంగి కలదు. 1687వ సంవత్సరమున ఔరంగజేబు సైన్యము దాదాపు ఎనిమిది మాసములు ఈ కోటను ముట్టడించినపుడు ఇట్టి ఫిరంగులే కోటవారికి ఆధారమై యుండెను. పిల్లలు దాని చుట్టును మూగి, దాని నోటిలో చేతులు పెట్టి, దానిపై నెక్కి కూర్చుండి ఆడుకొనిరి. వారిలో నొక చిన్నవాడు మావైపు తిరిగి, “మేష్టరుగారూ, ఇది ఇప్పుడు పేలునా?” యని యడిగెను. మేము బదులు చెప్పకమునుపే అచ్చటనున్న కాపలాదారు నవ్వి, “మందు లేనిది అదేం పేల్తది బిడ్డా? ఉత్త ఇనుప గొట్టం” అనెను.

చరిత్రపాఠము చెప్పవలెనని పోయిన మేము ఆ దినమున కాపలాదారు చెప్పిన పాఠమును నేర్చుకొని వచ్చితిమి. మూడువందల సంవత్సరములకు పైగా ఎండకును వానకును నిలిచియున్న ఆ యాయుధము పసిపిల్లల యాటవస్తు వగుటకు కారణ మేమి? దానిని ఎవరును విరుగగొట్టలేదు, కరగింపలేదు, దానిని నిషేధించుచు ఎవరును శాసనము చేయలేదు. దానిలోనికి పోయవలసిన మందును, గుండును లేకపోయినవి. అంతే.

ఆ తరువాతి మాసముననే మా పాఠశాల చర్చాసంఘమునందు “ప్రజలయొద్ద తుపాకులు ఉండవచ్చునా?” యను విషయముపై వాదము జరిగెను. ఒక పక్షమువారు తుపాకులన్నిటిని లాగికొనవలె ననిరి. రెండవ పక్షమువారు దుర్మార్గుని చేతిలో తుపాకి యుండగా సన్మార్గుని చేయి వట్టిదై యుండరా దనిరి. ఇరుపక్షములవారును చక్కగనే మాటలాడిరి. చప్పట్లును సమానముగనే పడెను. కాని గంటన్నర సేపు సాగిన ఆ వాదములో తూటా యను మాట నొక్కరైనను ఉచ్చరింపలేదు. ఆయుధములను గూర్చి పెద్దలు చేయు వాదములలోను ఈ లోపమే కనబడుచున్నది. ఆ లోపమును గొంత పూరింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. తుపాకులకు లెక్క చూచుట మంచిదే. కాని తూటాకు లెక్క చూడనిదే ఆ లెక్క సగమే యగునని మా యభిప్రాయము.

బోధనాభ్యసన కళాశాలలో మేము శిక్షణ పొందుచున్న కాలమున, పాఠశాల సామానుల పట్టికను వ్రాయుట యెట్లో నేర్పిన యుపాధ్యాయులు సామానును రెండు తెగలుగా విభజింపుమని చెప్పెడివారు. నిలుచు వస్తువులు ఒక తెగ; ఖర్చగు వస్తువులు రెండవ తెగ. నల్లబల్ల నిలుచునది. దానిని ఒకసారి పట్టిక కెక్కించినచో ఇరువది యేండ్లు చూడ నక్కరలేదు. సుద్దముక్క ఖర్చగునది. దానిని నెలనెలకు లెక్కపెట్టవలయును. ఏ తరగతిలో ఎంత పని జరుగుచున్నదో తెలిసికొనవలె నన్నచో నల్లబల్లను చూచిన ప్రయోజనము లేదు. సుద్దముక్కల లెక్క చూడవలయును.

తుపాకికిని తూటాకును ఉన్న సంబంధ మిట్టిదే. బాగుగా చూచుకొనిన తుపాకి తండ్రినుండి కుమారునికి, కుమారునినుండి మనుమనికి వచ్చును. తూటా ఒక్కసారి పేలిన దాని ఆయువు తీరును. ప్రపంచములో నూరుకోట్లకు పైగా చిన్న తుపాకులు కలవనియు, వానిలో నూటికి ఎనుబదియైదు సామాన్య ప్రజల చేతులలోనే యున్నవనియు 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే యను జెనీవా పరిశోధన సంస్థ అంచనా కట్టినది. ఇన్ని తుపాకులను ఏరి తెచ్చి కరగించుట యే ప్రభుత్వమునకును ఒక తరములో సాధ్యమగు పని కాదు. కాని ఆ తుపాకులన్నియు మరల మరల తూటాలకొరకు చేయి చాపవలసినవే. చేయి చాపు చోటనే కావలి యుండవలయును.

ఈ సత్యమును మన తెలుగుదేశములో మన్యపు పోరాటము స్పష్టముగా చూపినది. 1922వ సంవత్సరము ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజును ఆయన యనుచరులును చింతపల్లి పోలీసు స్టేషనుపై బడిరి. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు స్టేషనులనుండి వారికి దొరకిన తుపాకులు 26. తూటాలు దాదాపు 2,500. మన్యమువారికి విల్లంబులు కొత్త కావు. ధైర్యము కొత్త కాదు. అడవి దారులు వారికి కరతలామలకములు. వారికి లేనిది తుపాకియు, అంతకంటె ముఖ్యముగా దానికి కావలసిన తూటాయును. అందువలననే రాజు నేరుగా ఆ రెండును నిలువయుండు చోటికే పోయెను. తాను కొనిపోవుచున్న తుపాకులను, తూటాలను స్టేషను పుస్తకములోనే వ్రాసి సంతకము చేసి పోయె నని ఆ చరిత్ర నెరిగినవారు చెప్పుదురు. దోచుకొనినవాడు దోచిన వస్తువునకు లెక్క యొప్పగించుట లోకములో అరుదు.

ఆ మీద జరిగినదానిని గమనింపవలయును. అక్టోబరు 15న ముందుగా కబురు చేసి మరీ రాజు అడ్డతీగల స్టేషనుపైకి పోయెను. అక్టోబరు 19న రంపచోడవరముపైకి పోయెను. రెండు చోట్లను ఆయన ప్రవేశించెను గాని ఆయుధములు దొరకలేదు. ప్రభుత్వమువారు వానిని ముందుగనే దాచివేసిరి. రెండేండ్లు సాగిన ఆ పోరాటమును అణచుటకు దొరతనమువారు మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సు దళమును దింపిరి. పల్లెలపై జరిగిన నిర్బంధము మిక్కిలి క్రూరమైనది. 1924 మే 7న రాజు కొయ్యూరు ప్రాంతమున కాల్చివేయబడెను. దొరతనమువారి పక్షమున మాటలాడుటకై మేమీ కథ నెత్తుకొనలేదు. రాజు మన గౌరవమునకు పాత్రుడు. కాని ఆయుధ సంబంధమైన పాఠము ఎవరి పక్షమున నిలిచి చూచినను ఒక్కటే: మొదటి మూడు స్టేషనులలో నిలువను సరిగా కాపాడలేదు, తరువాతి రెండింటిలో కాపాడిరి. పోరాటపు బలము ఆ రెండింటి నడుమ మారిపోయెను.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. ఆయుధ నియమ మనునది పరప్రభుత్వము మనలను నిరాయుధులను చేయుటకు తెచ్చిన కట్టడియే కదా యని. ఆ మాట నిజము. 1878వ సంవత్సరపు ఆయుధశాసనము భారతీయునికి లైసెన్సు కావలె నని విధించి, దొరలకు మినహాయింపు లిచ్చెను. ఆ యవమానమును మన పెద్దలు మరువలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన మూలహక్కులలో, తగిన నిబంధనలకు లోబడి ఆయుధమును ధరించు హక్కును చేరియుండుట ఇందులకు సాక్ష్యము. స్వతంత్రము వచ్చిన పిదప రాజ్యాంగములో ఆ హక్కునకు చోటియ్యలేదు. పాత శాసనమునకు బదులుగా 1959లో క్రొత్త ఆయుధశాసనము చేయబడి 1962 అక్టోబరునుండి అమలునకు వచ్చెను. ఇందు జాతిభేదము లేదు. ఒకప్పుడు మనలను అణచుటకు వాడిన కట్టడి యనెడు కారణముచేత కట్టడియే వలదనుట, వానకు తడిసినవాడు నీరు త్రాగననుట వంటిది. ఎవరికొరకు, ఎవరి సమ్మతితో నియమము చేయబడినదో చూడవలయును గాని నియమమును చూచి బెదరరాదు.

మన శాసనమునందలి మేలైన గుణ మేమనగా, తుపాకితోపాటు తూటాను గూడ అది మొదటినుండియు లైసెన్సు క్రిందికి తెచ్చినది. లైసెన్సుదారు ఒక్క సమయమున ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకొనవచ్చునో, సంవత్సరమునకు ఎన్ని కొనవచ్చునో లైసెన్సుమీదనే వ్రాయుదురు. దుకాణదారు తాను అమ్మిన సంఖ్యను లైసెన్సుమీదను, తన పుస్తకములోను ఎక్కింపవలయును. 2016లో వచ్చిన ఆయుధ నియమములు ఈ పద్ధతిని నిలిపి మరికొంత వివరించినవి. 2019లో శాసనమును సవరించి, ఒకరు ఉంచుకొనదగిన తుపాకులను మూడునుండి రెంటికి తగ్గించిరి. పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను వేడుకకై తుపాకి పేల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చువారికి రెండేండ్లవరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించిరి. ఎన్నికలు వచ్చినపుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులలో అప్పగింపుమని యాజ్ఞలు వెలువడుట మన జిల్లాలవారందరు ఎరిగినదే.

మా విద్యార్థి యొకని తండ్రి మన వైపుననే యొక బ్యాంకు ద్వారమువద్ద తుపాకి పట్టుకొని నిలుచుండు కావలివాడు. వార్షికోత్సవమునకు వచ్చినపుడు మేము వారిని ఈ సంగతి యడిగితిమి. వారు చెప్పిన మాట మాకు మిక్కిలి విలువైనదిగా తోచెను. “తుపాకి మీద నంబరుంటది సార్. పోయినా ఎవరిదో పట్టుకుంటరు. తూటా మీద ఏముంటది? చేతులు మారితే అది ఎవరిదో దేవుడికే తెలుస్తది” అనిరి. ఇదే అసలు చిక్కు. తుపాకికి పేరున్నది, తూటాకు పేరు లేదు. కంపెనీ ముద్రయు కొలత ముద్రయు దాని యడుగున నుండవచ్చును గాని, ఏ గుట్టలోనుండి ఏ దుకాణమునకు పోయి ఎవరి చేతి కందెనో చెప్పు గుర్తు సామాన్యముగా దానిపై నుండదు. లైసెన్సుపై వ్రాసిన సంఖ్య కాగితముమీద సరిగా నిలిచియుండగనే తూటా ఎచ్చటికో పోవచ్చును.

ఈ లోపమును దిద్ద యత్నించిన దేశము లేకపోలేదు. బ్రెజిలు దేశము 2003లో చేసిన శాసనములో పోలీసులకును సైన్యమునకును అమ్ము తూటాల తొడుగులపై గుట్ట సంఖ్యను చెక్కవలె నని విధించెను. 2018 మార్చిలో రియో నగరపు సభ్యురాలైన మారియెల్లి ఫ్రాంకో హత్య చేయబడినపుడు, అచ్చట పడియున్న ఖాళీ తొడుగులపై సంఖ్యనుబట్టి ఆ తూటాలు 2006లో సమాఖ్య పోలీసులకే అమ్మిన గుట్టలోనివని తెలిసినది. ప్రభుత్వపు కొట్టులోని తూటా హంతకుని చేతికి పోయెననుట దుఃఖకరము. కాని ఆ గుర్తు లేనిచో ఆ దుఃఖకరమైన సత్యము కూడ తెలియకపోయెడిది. ఇందు మరియొక పాఠము కలదు. ఆ గుట్ట శాసనము చెప్పిన మితికంటె ఎంతో పెద్దది. లక్షల తూటాల కొక్కటే సంఖ్య వేసినచో, అది ఊరందరికి ఒకే ఇంటిపేరు పెట్టినట్లగును. గుర్తు వేయుట మాత్రము చాలదు. గుట్ట చిన్నదిగా నుండవలయును.

ఇక మన నానక్‌రామ్‌గూడనుండి మిక్కిలి దూరమైనను మన యిండ్లకు మిక్కిలి దగ్గరయైన అమెరికా సంగతి చెప్పెదము. 2023 మార్చిలో అమెరికా కాన్సలేటు బేగంపేటనుండి మన నానక్‌రామ్‌గూడకు వచ్చినది. నాటినుండి ఉదయముననే కాగితముల సంచులు చేతబట్టుకొని నిలుచుండు యువకులను, వారివెంట వచ్చిన తలిదండ్రులను మేము బడికి పోవుచు చూచుచున్నాము. మా పూర్వవిద్యార్థులు కొందరు ఆ వరుసలో నిలిచి పోయినవారే. ఒక తల్లి మాతో, “చదువు బాగుంటుందని పంపుతున్నా మండి, తుపాకుల వార్త వచ్చిన రాత్రి నిద్ర పట్టదు” అనెను. ఆమె భయము నిరాధారము కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రమందలి ఓలేత పట్టణమున హైదరాబాదునుండి పోయిన యువ ఇంజనీరు ద్వేషముతో కాల్చబడి మరణించెను. 2018 జులైలో మిస్సోరి రాష్ట్రపు కాన్సస్ సిటీలో వరంగల్లు యువకుడొకడు భోజనశాలలో కాల్చబడి మరణించెను. 2021వ సంవత్సరములో ఆ దేశమున తుపాకివలన మరణించినవారు 48,830 మంది. అందు సగమునకు పైగా ఆత్మహత్యలు. అనగా క్షణికమైన నిరాశకు తోడు, చేతికందుబాటులో నింపియున్న తుపాకి.

ఆ దేశమునను కొందరు తూటావైపు దృష్టి సారింపకపోలేదు. 1968లో వచ్చిన శాసనము తూటాలు కొనువారి పేర్లను వర్తకులు పుస్తకములో వ్రాయవలె నని విధించెను. ఆ పుస్తకములు దర్యాప్తులకు చాలినంత తోడ్పడుట లేదను కారణముతో 1986లో ఆ నియమమును చాలవరకు తొలగించిరి. 1990 దశకమున న్యూయార్కు సెనేటరు డానియల్ పాట్రిక్ మొయినిహన్ తూటాలపై భారమైన పన్ను వేయవలెనని ప్రతిపాదించెను. తుపాకులు శతాబ్దములు నిలుచును, తూటాలు కొలది యేండ్లలో తీరిపోవును, కావున తూటాను పట్టుకొనుడని ఆయన వాదము. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. కాలిఫోర్నియా రాష్ట్రమున 2016లో ప్రజలు ఓటువేసి సమ్మతించిన శాసనము ననుసరించి, 2019 జులై 1నుండి తూటాలు కొను ప్రతివాని పూర్వచరిత్రను పరిశీలింప నారంభించిరి. తుపాకి యుంచుకొనరాదని శాసనము నిషేధించినవారు కొందరు అందు చిక్కిరి. పట్టికలలో పేరో చిరునామాయో సరిపోలనందున నిర్దోషులు చాలమంది తిప్పి పంపబడిరి. ఆ శాసనముపై న్యాయస్థానములలో వివాదము నడచుచు వచ్చినది. వీనివలన మనము నేర్వదగినది స్పష్టము: పుస్తకము వ్రాయించి చూడకపోయిన వృథా, చూచెదమని తప్పుల పట్టిక పెట్టుకొనిన అన్యాయము.

మేము చెప్పుచున్న మార్గమునకు ప్రతికూలముగా చెప్పదగిన మాటలను దాచుట మాకిష్టము లేదు. మొదటిది: మందు ఇంటిలోనే తయారు చేసికొనువారు కలరు. మన అడవి ప్రాంతములలోని భర్మారు తుపాకికి దుకాణపు తూటా యక్కరలేదు. రాయలసీమ కక్షలలో తుపాకికంటె నాటుబాంబే ఎక్కువ ప్రాణములు తీసినది. నిజమే. కాని ఇది మా వాదమును చెరుపుట లేదు, విస్తరింపజేయుచున్నది. నాటుబాంబునకు తుపాకి లేదు, ఉన్నదంతయు మందే. తుపాకులను మాత్రమే లెక్కించు ప్రభుత్వమునకు నాటుబాంబు కనబడనే కనబడదు. మందును లెక్కించు ప్రభుత్వమునకు కనబడును.

రెండవది: దొంగ దుకాణమునకు పోయి లైసెన్సు చూపి తూటాలు కొనడు. ఇదియు నిజమే. అయితే దొంగచేతికి వచ్చు తూటా ఆకాశమునుండి పడదు. అది కర్మాగారముననో, దుకాణముననో, పోలీసు కొట్టులోనో, సైన్యపు కొట్టులోనో ఒకప్పుడు న్యాయముగా నున్నదే. న్యాయమైన చోటినుండి అన్యాయమైన చోటికి అది దాటిన గడప ఏదో కనిపెట్టుటయే మన పని. కావున లెక్క చెప్పవలసినవారిలో మొదటివారు ప్రభుత్వమువారే గాని పొలము కాచుకొను రైతు కాదు.

మూడవది: క్రీడాకారుల కిబ్బంది. గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయ ప్రాంగణమునందే గురిపందెముల స్థలము కలదు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కాంస్య పతకము గెలిచెను. గురి కుదురుటకు వేలకొలది గుండ్లు పేల్చక తప్పదు. కావున క్రీడాకారులకు ఎక్కువ తూటాల నిచ్చు ఏర్పాటు మన నియమములలో నున్నది, ఉండవలసినదే. లెక్క చూచుట యనగా తక్కువ ఇచ్చుట యని యర్థము కాదు. ఎంత ఇచ్చితిమో తెలిసియుండుట యని యర్థము.

ఈ విషయము మన వీధికి ఎంత దగ్గరయో చెప్పి విద్యార్థుల నొకసారి మేల్కొలుప దలచినాము. ఇప్పుడు అద్దపు మేడలు నిలిచియున్న మన నానక్‌రామ్‌గూడ, ఖాజాగూడ, గచ్చిబౌలి ప్రాంతము ఒకప్పుడు ఏనుగులవంటి నల్లరాతి గుండ్లతో నిండియుండెను. ఆ గుండ్లను పగులగొట్టినది గొడ్డలి కాదు, పేలుడుమందు. ఆ మందునకును, దానిని పేల్చు డెటొనేటరునకును లైసెన్సు కావలయును, కొట్టు కావలయును, లెక్క కావలయును. 1884వ సంవత్సరపు పేలుడు పదార్థముల శాసనము నేటికిని అమలులో నున్నది. అయినను 2007 ఆగస్టు 25 సాయంకాలమున లుంబినీ ఉద్యానమునను, కోఠిలోని గోకుల్ చాట్ దుకాణమువద్దను జరిగిన పేలుళ్ళలో నలువదిమందికి పైగా మరణించిరి. పరిశ్రమలలో వాడు పేలుడు పదార్థమే అందు వాడబడినట్లు దర్యాప్తులో తేలినది. బండలను పగులగొట్టి ఇండ్లు కట్టుటకు తయారైన మందు, మనుష్యులను చీల్చుటకు పోయెను. అచ్చట తుపాకి యేదియు లేదు. ఏ తుపాకి నిషేధమును ఆ సాయంకాలమును తప్పించియుండెడిది కాదు. కొట్టులో తప్పిపోయిన సంచిని మరునాడే గుర్తించు లెక్క మాత్రము తప్పించి యుండవచ్చును.

లెక్కతోపాటు భద్రముగా నిలువచేయుటయు వలయును. 2016 మే 31న మన పొరుగున మహారాష్ట్రమందలి పుల్‌గావ్ సైనిక మందుగుండు కేంద్రమున అగ్ని పుట్టి, దానిని ఆర్పబోయినవారు అనేకులు ప్రాణములు విడిచిరి. చేతులు మారని మందు గూడ కాపాడినవానినే చంపగలదు.

ప్రపంచ రాజ్యములు తూటాను గూర్చి చాలకాలము మౌనము వహించినవి. 2001లో ఐక్యరాజ్యసమితి చిన్న ఆయుధములనుగూర్చి చేసిన కార్యక్రమములో తూటాలకు చోటు దొరకలేదు. 2013లో అంగీకరింపబడి 2014 డిసెంబరునుండి అమలునకు వచ్చిన ఆయుధ వాణిజ్య సంధిలో తూటాల ఎగుమతి చేర్చబడెను. ఆ సంధిపై ఓటు జరిగినపుడు మన దేశము తటస్థముగా నుండెను, దానిలో చేరలేదు. 2023 డిసెంబరులో మాత్రము తూటాలను వాని పుట్టుకనుండి నాశనమువరకు అన్ని దశలలోను కాపాడుట కొక ప్రపంచ విధానమును సమితి ఆమోదించెను. అది బలవంతపు సంధి కాదు. రాజ్యములు ఇష్టపూర్వకముగా ననుసరింపవలసినది. అయినను మొదటి అడుగు పడినది.

ఇక మా కోరికలను క్లుప్తముగా చెప్పెదము. ప్రజలకు అమ్ము ప్రతి పెట్టెకును, దానిలోని ప్రతి తూటాకును చిన్న గుట్ట సంఖ్య యుండవలయును. క్రొత్త తూటాలు కొనబోవువాడు పేల్చినవాని ఖాళీ తొడుగులను తిరిగి యొప్పగింపవలయును. పోయినవానికి కారణము వ్రాసి ఇయ్యవలయును. పోలీసు, కాపలా సంస్థ, దుకాణము, గని యజమాని, వీరందరి కొట్టులను అకస్మాత్తుగా తనిఖీ చేయవలయును; ఆ తనిఖీల ఫలితములను ప్రజలకు తెలియజేయవలయును. ప్రపంచపు బ్యాంకుల లెక్కలను మన వీధిలో కూర్చుండి చూచుచున్న యువకులకు ఈ లెక్క యొక పెద్ద పని కాదు. గోపనపల్లి మొదలు గచ్చిబౌలివరకు వ్యాపించిన యీ కంప్యూటరు మేడలలో, ఒక్క రూపాయి దారి తప్పినచో అర్ధరాత్రియైనను కనిపెట్టుదురు. ఒక్క తూటా దారి తప్పిన కనిపెట్టు ఏర్పాటు లేకపోవుట మనకు సిగ్గు. అయితే ఆ పట్టిక తప్పులు లేనిదై యుండవలయును. పేరులో నొక యక్షరము తప్పినంతనే నిర్దోషిని నిలుపరాదు. నిలిపినపుడు మొరపెట్టుకొనుట కొక అధికారి యుండవలయును.

తలిదండ్రులకు ఒక మనవి. ఇంటిలో లైసెన్సు తుపాకి యున్నవారు తుపాకిని ఒకచోటను తూటాలను వేరొకచోటను తాళము వేసి ఉంచుడు. తాళపుచెవి పిల్లలకు దొరకనీయకుడు. పరీక్ష తప్పిన కుర్రవాని మనస్సు ఒక్క గంటలో ఎంత చీకటియగునో ఉపాధ్యాయులమైన మేమెరుగుదుము. ఆ గంటలో రెండు తాళములు అడ్డముండుట ఒక ప్రాణమును దక్కించును. తాతగారి కాలపు తూటాలు పెట్టెయడుగున పడియున్నచో సిగ్గుపడక పోలీసులకు అప్పగింపుడు.

విద్యార్థులారా, మీలో ఎన్.సి.సి.లో చేరినవారికి ఈ పాఠము పుస్తకములో చదువ నక్కరలేదు. గురి యభ్యాసమునకు పోయినపుడు మీకు లెక్కపెట్టి తూటాలిత్తురు. పేల్చిన పిదప ఖాళీ ఖోకాలను గడ్డిలో వెదకి ఏరి లెక్కకు తెత్తురు. ఒక్కటి తగ్గినను ఎవరును కదలరాదు. చివర ప్రతివాడును తనయొద్ద తూటాగాని ఖాళీ ఖోకాగాని లేదని బిగ్గరగా చెప్పవలయును. మొన్నటి శిబిరమున ఒక ఖోకా దొరకక మన బాలురు అరగంట ఎండలో గడ్డి తడవిరి; కొందరు విసుగుకొనిరి. దొరకినపుడు అది బొటనవ్రేలి గోరంత ఇత్తడి ముక్క. దీనికొరకా యింత సేపని యొకడు గొణిగెను. దీనికొరకే. ఆ అరగంట ఓపిక దేశమంతట నుండినచో మేమీ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది కాదు.

ప్రతి యుదయమును మనము ప్రార్థన సమావేశమున లోకశాంతికొరకు ప్రార్థించుచున్నాము. ఆ ప్రార్థన మానము. ప్రార్థించిన చేతులతోనే లెక్కపుస్తకమును గూడ తెరువవలయును. ఆ తల్లి రాత్రి నిశ్చింతగా నిద్రించుటకు, బ్యాంకు ద్వారమున నిలుచుండు ఆ తండ్రి తన తూటాలను సరిగా ఒప్పగించి ఇంటికి వచ్చుటకు, రెండును కావలయును. గోలకొండ బురుజుమీది ఫిరంగి చుట్టును పిల్లలు ఆడుకొనుచున్నారు. తక్కిన తుపాకులు గూడ అట్లే ఉత్త ఇనుప గొట్టములై మూలబడు దినము మీ తరములో వచ్చుగాక యని కోరుచు విరమించుచున్నాము.